లాన్ సంగతి తర్వాత, ముందు ఆ కంపచెట్టు మోడు తవ్వించండి

కర్నూలులో పాత ఇల్లు కొన్నామని, ముందరి జాగా ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోక కంపచెట్లతో బండబారిపోయిందని, ఎండాకాలం రాకముందే లాన్ వేయించాలంటే ఏ గడ్డి మంచిదని అడిగారు. ఏ గడ్డీ వద్దు. మాది అనంతపురం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఊరు, అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. మీకు మాకంటే కాస్త నయం, అంతే. మిగతా నెలల్లో లాన్ పచ్చగా ఉండాలంటే బోరు నడుస్తూనే ఉండాలి. అయినా లాన్ వేసుకున్న ఇళ్లలో దాని మీద కూర్చున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. అందరూ వరండాలో కుర్చీ వేసుకొని దాన్ని చూస్తారు, కరెంటు బిల్లు కడతారు.

మా అవ్వ పోయాక ఇల్లు చాలాకాలం తాళం వేసి ఉండింది. అమ్మ మళ్లీ అక్కడే ఉంటానన్నాక వెళ్లి చూస్తే గేటు తెరవడమే కష్టమైంది. నడుమెత్తున వయ్యారిభామ, కింద పల్లేరుకాయలు, గోడవారన కంపచెట్టు. మీరు సర్కారు తుమ్మ అంటారేమో. దాన్ని పక్కింటివాళ్లు అప్పుడప్పుడూ నరికించేవారట. నరికిన ప్రతిసారీ ఒక్క కొమ్మకు నాలుగు లేచాయి.

పెద్దనాయన జేసీబీ పిలిపిద్దామన్నాడు, అరగంట పని అని. కూలికి వచ్చిన ముసలాయన మాత్రం కాలితో మన్ను గీరి చూసి, "మిషన్ పెడితే పై మన్నంతా పోతాదన్నా, కింద వట్టి గరుసే. మొక్కకేం మిగుల్తాది?" అన్నాడు. ఆ సాయంత్రం మోడు చుట్టూ కట్ట కట్టించి, నీళ్లు నిండా పోయించి ఇంటికి పోయాడు. అంతకుముందు గడ్డపార వేస్తే ఖణేల్‌మని ఎగిరి వచ్చిన నేల, మరుసటి పొద్దున పారకు లొంగింది.

పెద్దనాయన వరండాలో కూర్చొని పర్యవేక్షణ. ఆయన రిటైరైన పంతులు, ఎదురుగా ఎవరు పని చేస్తున్నా దిద్దకుండా ఉండలేడు. మోడు కింద జానెడుకు పైగా తవ్వాక వేరు మొదట్లో గడ్డలాంటిది కనబడింది, చుట్టూ మొగ్గలతో. ముసలాయన దాని కిందికి గొడ్డలి వేసి నరికి, మొత్తంగా ఎత్తి బయటపడేశాడు. "కింద వేరు అట్లే ఉంది కదయ్యా, మళ్లీ రాదూ?" అని పెద్దనాయన. "వేరు రాదు సామీ, ఈ గడ్డ ఉంటేనే వచ్చేది." అన్నట్టే మళ్లీ మొలవలేదు. కాబట్టి నేలకు సమంగా నరికి కిరోసిన్ పోయండి, ఉప్పు వేయండి అని చెప్పేవాళ్లను నమ్మకండి. ఉప్పు పోస్తే చెట్టు సంగతేమో కానీ మన్ను చెడుతుంది. తవ్వేటప్పుడు కాళ్లకు మందమైన బూట్లు ఉండాలి, ఆ ముల్లు హవాయి చెప్పులోంచి సులువుగా దిగుతుంది.

ఆ గుంతలోంచే ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు, సున్నం తట్టలకొద్దీ వచ్చాయి. ఇల్లు కట్టేవాళ్లకు ఇదేం అలవాటో! మిగిలిందంతా ముందరి జాగాలో పూడ్చి, పైన ఎర్రమన్ను చల్లి పోతారు. తర్వాత మన చేతివాసి మంచిది కాదని మనకే పేరు.

గుంతను పూడ్చనీయలేదు. మిద్దె మీది నీళ్ల గొట్టాన్ని అందులోకి తిప్పించాను. లెక్క మీరే చూసుకోండి: వంద చదరపు మీటర్ల మిద్దె మీద 30 మిల్లీమీటర్ల వాన పడితే 3,000 లీటర్లు. అన్నేళ్లూ అదంతా వీధి కాలువలోకి పోయింది.

మిగతా జాగా పైపైన తవ్వించి, మాగిన పశువుల ఎరువు కలిపి, మీద బుడ్డల పొట్టు పరిచాం. శనక్కాయలు ఒలిచే మిషన్ల దగ్గర దొరుకుతుంది. మన ఎర్రమన్నుకు వాన పడి ఎండితే పైన పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు మీద తర్వాతి వాన జారిపోతుంది. పొట్టు ఉంటే పెచ్చు కట్టదు, తడి నిలుస్తుంది. మొక్క మొదలుకు మాత్రం ఆనించొద్దు, చెదలు పడతాయి.

మొక్కల్లో గన్నేరు, దేవగన్నేరు, కాగితంపూలు, సీతాఫలం, నీడకు కానుగ. గన్నేరును మేకలు ముట్టవు కానీ అది విషం, చిన్నపిల్లలుంటే మానేయండి. నూరువరహాలు అందంగా ఉంటాయని తెస్తారు, మన బోరు ఉప్పునీళ్లకు ఆకులన్నీ పసుపు తిరుగుతాయి. గోదావరి ఒడ్డున కడియం నర్సరీల నుంచి లారీలో దిగే మొక్కలతోనూ జాగ్రత్త. వాళ్ల తప్పేం లేదు, గోదావరి నీళ్లు తాగి, ఆ జిగురుమట్టిలో పెరిగిన మొక్కలవి. ఆ మట్టిముద్దను అలాగే మన గుంతలో పెడితే చుట్టూ తడిగా ఉన్నా ముద్ద లోపల రాయిలా ఎండుతుంది. నాటేముందు బకెట్లో నానబెట్టి, అంచులు చేత్తో వదులు చేయండి.

ఇక మా వీధిలో కొత్త జబ్బు, గేటు నుంచి గుమ్మం దాకా తాడిపత్రి బండలు పరిచేయడం. శుభ్రంగా ఉంటుందట. రాత్రి తొమ్మిదికి కూడా ఆ బండలు సెగ కక్కుతుంటే లోపల ఏసీ కొంటారు. కారు కోసమైతే టైర్ల కింద రెండు వరసలు చాలు, మధ్యలో మన్ను వదిలేయండి. గరిక దానంతటదే వస్తుంది. ఎండకు మాడినా చావదు, రెండు వానలకు లేస్తుంది. మీరడిగిన లాన్ అదే అనుకోండి, ఖర్చు లేదు.

ఎండాకాలం లోపు మోడ్లు తీయించి, గుంతలు తవ్వి ఎండనివ్వండి. తొలకరికి ఎరువు వేయండి. వానలు నిలదొక్కుకున్నాక నాటండి, ఆలోగా నర్సరీ వైపు పోకండి.