ఆ ఫొటో తీసేయమని అడగకండి

ప్రశ్న: నాకు అరవై ఒకటి. మాది హిందూపురం. ముప్పై ఏళ్ళుగా బెంగళూరులో, యలహంక దగ్గర హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాను. ఒక నాయకుణ్ణి ఇరవై ఏళ్ళు దేవుడిలా కొలిచాను. మా తమ్ముణ్ణి ఆ దారిలో పెట్టింది కూడా నేనే. 2021 ఏప్రిల్ మొదటి వారంలో ఆయన ఎన్నికల సభకు ఇద్దరం కలిసి వెళ్ళాం. ఏప్రిల్ 28న తమ్ముడికి జ్వరం మొదలైంది. మే 1న కోవిడ్ అని తేలింది. మే 6 రాత్రి ఆక్సిజన్ బెడ్ కోసం మూడు ఆస్పత్రులు తిరిగాం. నాలుగో ఆస్పత్రి గేటు దగ్గర కారులోనే పోయాడు. నలభై తొమ్మిదేళ్ళు.

ఆ రోజుల్లో ఆ నాయకుడు 'తప్పు జరిగింది' అని ఒక్క మాట అంటాడేమోనని టీవీ ముందు కూర్చున్నాను. అనలేదు. పైగా అంతా బాగా చేశామన్నారు. దాంతో నమ్మకం పోయింది. 2023లోనూ 2024లోనూ ఓటు వేయలేదు. కోవిడ్ పరిహారం యాభై వేలు ఇస్తామన్నప్పుడు 'వాళ్ళ డబ్బు మనకొద్దు' అని మరదలిని దరఖాస్తు పెట్టనివ్వలేదు. తమ్ముడి కొడుక్కి ఇరవై మూడేళ్ళు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. వాడిప్పుడు అదే నాయకుడికి వీరాభిమాని! రోజూ వీడియోలు పంపిస్తాను, చూడడు. వాళ్ళింటి హాల్లో తమ్ముడు ఆ నాయకుడితో దిగిన ఫొటో ఉంది. నాలుగో ఏడు తిథి రోజున దాన్ని తీసేయమన్నాను. మాటా మాటా పెరిగింది. 'మా నాయన్ని మీటింగులకు పిలుచుకుపోయింది నువ్వే కదా పెద్దనాయనా, ఇప్పుడు ఫొటో తీసేయమంటే ఎట్ల?' అన్నాడు. అప్పట్నుంచి మా గడప తొక్కడం లేదు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్లో రాజకీయ వార్తలు చూస్తూ ఉంటాను, నిద్ర పట్టదు. వాడికి నిజం ఎలా తెలియజెప్పాలి?

జవాబు: మీ ఉత్తరంలోంచి నాయకుడి పేరు, పార్టీ, సభ జరిగిన ఊరు తీసేశాను. అవి ఉంచితే చదివేవాళ్ళలో సగంమంది మీ తమ్ముణ్ణి వదిలేసి ఆ పేరు మీద పడి కొట్టుకుంటారు. పైగా ఆ ఏప్రిల్‌లో సభలు ఒక్క పార్టీయే పెట్టలేదు. బెంగాల్, తమిళనాడు, కేరళ, అస్సాం, పుదుచ్చేరి ఎన్నికలు అప్పుడే జరిగాయి. తిరుపతి, నాగార్జునసాగర్, ఇటు కర్ణాటకలో బెళగావి ఉప ఎన్నికల పోలింగు ఏప్రిల్ 17న. ఆ సభలను ఆపనందుకు ఎన్నికల సంఘాన్ని అదే నెల 26న మద్రాసు హైకోర్టు విచారణలో ఎంత ఘాటుగా తిట్టిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఇదే ఉత్తరం ఇంకో పేరుతో ఇంకెవరైనా రాసి ఉండొచ్చు.

ముందు తేదీల సంగతి చూద్దాం. మీరు పైకి అనలేదు గానీ ఉత్తరమంతా అదే ఉంది: సభకు తీసుకెళ్ళింది నేను, కాబట్టి వాణ్ణి పొట్టన పెట్టుకున్నది నేను. మీరిచ్చిన తేదీలనే పక్కపక్కన పెట్టండి. సభ ఏప్రిల్ మొదటి వారంలో. జ్వరం 28న. కోవిడ్ సోకాక లక్షణాలు మామూలుగా ఐదారు రోజుల్లో, ఆలస్యమైతే పద్నాలుగు రోజుల్లో బయటపడతాయి. మీ తమ్ముడి విషయంలో మధ్యన మూడు వారాలున్నాయి. ఆ సభలో అంటుకున్నది 28న బయటపడే అవకాశం చాలా తక్కువ. ఏప్రిల్ నెలాఖరుకు బెంగళూరులో షాపు కౌంటరు దగ్గర, బస్సులో, బ్యాంకు క్యూలో ఎక్కడైనా సోకే పరిస్థితి. మిమ్మల్ని ఓదార్చాలని చెప్పడం లేదు, తేదీలు అలా ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను.

వ్యాపారస్తులు మీరు, లెక్కలు మీకు నేను నేర్పక్కర్లేదు. నాలుగేళ్ళుగా ఈ ఒక్క లెక్క ఎందుకు వేసుకోలేదు? నాకు తోచింది చెబుతాను, కాదనిపిస్తే వదిలేయండి. సభలోనే జబ్బు అంటుకుందంటే మీరూ దోషి, ఆ నాయకుడూ దోషి. ఆయన్ని బోనెక్కించాలంటే మీరు కూడా పక్కన ఎక్కాలి. దానికి కూడా మీరు సిద్ధపడ్డారు. ఆయన మీద కోపం అంత ఉంది.

బెడ్ దొరకకపోవడం వేరే సంగతి. అందులో కల్పించిందేమీ లేదు. ఆ వారం దేశంలో రోజుకు నాలుగు లక్షలకు పైగా కొత్త కేసులు. ఆస్పత్రులకు కావలసిన ద్రవ ఆక్సిజన్‌లో పెద్ద భాగం ఒడిశా, జార్ఖండ్ వైపు ఉక్కు ఫ్యాక్టరీల నుంచి రావాలి, తెచ్చే ట్యాంకర్లు చాలవు. కర్ణాటకకు ఇచ్చే రోజువారీ కోటాను 965 టన్నుల నుంచి 1200 టన్నులకు పెంచమని ఇక్కడి హైకోర్టు మే 5న కేంద్రాన్ని ఆదేశించింది. కేంద్రం దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. జోక్యం చేసుకోబోమని సుప్రీంకోర్టు 7న చెప్పింది. మీరు కారులో తిరిగిన రాత్రి సరిగ్గా ఆ రెండు తేదీల నడుమ పడింది. బెంగళూరుకు మొదటి ఆక్సిజన్ రైలు జంషెడ్‌పూర్ నుంచి వైట్‌ఫీల్డ్ చేరింది మే 11న. ఇందులో కేంద్రం ఉంది, రాష్ట్రం ఉంది, గేటు తియ్యని ఆస్పత్రులున్నాయి. మీ నాయకుడి పాలు ఎంతో మీరు తేల్చుకోవచ్చు, అడగొచ్చు, నిలదీయొచ్చు. ఆ కోపం తప్పని నేననను. ఒక పౌరుడికి ఆ మాత్రం కోపం లేకపోతే ఎట్లా?

కానీ మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా కోసింది ఆ మాట రాకపోవడం. టీవీ ముందు కూర్చుని ఎదురుచూశానని రాశారు. 1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగితే అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర ఇంకో రైలు వాగులో పడి వందమందికి పైగా పోయారు. శాస్త్రి మళ్ళీ ఇచ్చారు. ఈసారి నెహ్రూ తీసుకున్నారు, ప్రమాదానికి శాస్త్రి కారణమని మాత్రం తాను అనుకోవడం లేదని పార్లమెంటులో చెప్పి మరీ తీసుకున్నారు. వాగులో రైలు పడితే ఢిల్లీలో మంత్రి చేసిందేముంది? ఏమీ లేదు. అయినా ఒకరు ముందుకొచ్చి 'ఇది నా హయాంలో జరిగింది' అన్నారు. చనిపోయినవాళ్ళు తిరిగి రారని వాళ్ళ ఇళ్ళలో వాళ్ళకీ తెలుసు. అయినా ఆ మాట ఒకరు అనాలి. మీకు అది దక్కలేదు. దక్కని ఆ మాటను మీరిప్పుడు ఆ కుర్రవాడి నోట అనిపించాలని చూస్తున్నారు. నాయకుడు ఒప్పుకోలేదు కదా, కనీసం వీడైనా ఒప్పుకోవాలి అన్నట్టుంది మీ పట్టు. ఆయన బాకీని వాడి దగ్గర వసూలు చేయలేరు.

(శాస్త్రి గారి మాట ఎత్తాను కదా అని ఆయన్ని తెచ్చి ఖాళీ పీఠం మీద కూర్చోబెట్టకండి. మీ ఉత్తరం చదివాక ఆ భయం కలిగింది.)

వాడికి నిజం ఎలా తెలియజెప్పాలని అడిగారు. వాడికి తెలియంది ఏముందండీ? పంతొమ్మిదేళ్ళకు తండ్రిని పోగొట్టుకున్నాడు. ఆస్పత్రి గేట్ల గురించి మీ వీడియోలు వాడికి కొత్తగా చెప్పేదేమీ ఉండదు. ఆ ఫొటోలో ఇద్దరు మనుషులున్నారు. మీ కన్ను ఒకరి మీద పడుతోంది, వాడి కన్ను ఇంకొకరి మీద. తండ్రి జీవితంలో బాగా సంతోషపడిన రోజుల్లో అదొకటని వాడు చిన్నప్పట్నుంచీ విని ఉంటాడు. దాన్ని తీసేయమని మీరు తిథి రోజున, పిండం పెట్టిన ఇంట్లో అడిగారు. వాడి అభిమానంలో రాజకీయం ఎంతో, నాన్న ఎంతో వాడికే ఇంకా తెలియకపోవచ్చు. కొన్నేళ్ళకు అది దానంతట అదే పలచబడొచ్చు, గట్టిపడనూవచ్చు. రెండూ వాడి ఇష్టం. ఇరవై మూడేళ్ళవాడు, ఓటున్నవాడు. ఆ వయసులో మీకెవరైనా వద్దని చెబితే విన్నారా?

వాడు అడిగిన దానికి మీరు ఇంతవరకూ జవాబు చెప్పలేదు, గమనించారా? 'పిలుచుకుపోయింది నువ్వే కదా' అన్నాడు. మీకది నింద లాగా వినపడింది. నాకు మాత్రం, ఈ విషయం పెద్దనాయన తన నోటితో ఒక్కసారైనా చెబుతాడా అని వాడు నాలుగేళ్ళుగా కాచుకున్నట్టు వినపడింది. మీరు టీవీ ముందు కూర్చున్నట్టే వాడు మీ ముందు కూర్చున్నాడు. కాబట్టి ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళండి. ఫోన్లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. 'అవును నాయనా, నేనే పిలుచుకుపోయినా. అప్పుడు నాకు ఆయనంటే అంత నమ్మకం. ఇప్పుడు లేదు. నీకుంటే అది నీ ఇష్టం. తిథి రోజు ఆ ఫొటో మాట ఎత్తడం నాదే తప్పు.' ఇంత చాలు. దీని తర్వాత 'కానీ' అని మొదలుపెట్టారంటే వెళ్ళింది దండగ. వాడు వెంటనే కరుగుతాడని చెప్పలేను. సరేనని లోపలికి వెళ్ళిపోవచ్చు. మీరు కాఫీ తాగి వచ్చేయండి, మళ్ళీ పండక్కి వెళ్ళండి. వీడియోలు ఆ రోజు నుంచే ఆపాలి. తండ్రి లేని పిల్లవాడికి పెద్దనాయన అంటే ఏమిటో మన వైపు మనుషులకు చెప్పక్కర్లేదు. ఆ చోటు ఖాళీగా ఉంచి మీరు ప్రతిపక్ష నాయకుడి పాత్ర వేస్తున్నారు.

ఇక మీ నమ్మకం మాట. పోయినందుకు మీరు సిగ్గుపడుతున్నారు, ఇరవై ఏళ్ళు వృథా అయ్యాయని రగిలిపోతున్నారు. కానీ నిజంగా పోయిందా? ఇప్పటికీ రాత్రి ఒంటిగంట దాకా మీరు చూస్తున్నది ఆయన్నే. అప్పుడు కొలిచారు, ఇప్పుడు తిడుతున్నారు, రెండింటికీ రోజంతా ఆయనకే ఇచ్చారు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చేమో గానీ రాజకీయాల్లో అది పతనానికీ చివరకు నియంతృత్వానికీ దారి అని అంబేడ్కర్ రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న హెచ్చరించారు. మీ షాపులో కాంట్రాక్టర్‌కు సిమెంటు, కమ్మీ అప్పు మీద ఇస్తారు కదా. పుస్తకంలో రాసుకుంటారు, ఒక హద్దు పెడతారు, బిల్లు చెల్లించకపోతే తర్వాతి లోడు ఆపేస్తారు. అంతేగానీ అతని ఫొటోకు దండ వేయరు, అతను ఎగ్గొట్టాడని షాపూ మూసేయరు. మీరు చేసింది షాపు మూయడమే: ఓటు మానేశారు. ఆయన మీద నమ్మకం ఉన్నన్నాళ్ళూ వేసి, పోయాక మానేస్తే ఆ ఓటు ఆయన ఇచ్చిందన్నట్టే కదా! ఈసారి జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోండి. ఎవరికి వేస్తారన్నది నాకు అనవసరం, వాడికీ చెప్పకండి.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. దుఃఖం నాలుగేళ్ళయినా ఇంత పచ్చిగా ఉంటే, రోజూ నిద్ర చెడగొడుతుంటే, సహాయం తీసుకోవాలి. మీరున్న ఊళ్ళోనే మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆస్పత్రి ఉంది. వెళ్ళడానికి మొహమాటమైతే మానసిక సహాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంకొకటి, ఇంత పెద్ద ఉత్తరంలో మీ ఆవిడ గురించి ఒక్క ముక్క లేదు. ఒంటిగంట దాకా వెలిగే ఆ ఫోను పక్కన ఆవిడ ఎలా పడుకుంటున్నారో ఒకసారి అడగండి.

చివరిగా ఆ యాభై వేలు. ఉత్తరం మొత్తంలో నాకు మీ మీద కోపం వచ్చింది ఇక్కడే. ఆ డబ్బు ఏ నాయకుడి జేబులోదీ కాదు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి కొందరు పోరాడితే, రాష్ట్ర విపత్తు నిధి నుంచి ఇవ్వాలని 2021 అక్టోబరులో ఖరారైంది. మరణ ధ్రువపత్రంలో కోవిడ్ అని రాయలేదన్న ఒక్క కారణంతో ఆపకూడదని, పాజిటివ్ వచ్చిన ముప్పై రోజుల్లోపు పోయినవాళ్ళు లెక్కలోకి వస్తారని కూడా కోర్టు తేల్చింది. మీ తమ్ముడు ఐదు రోజుల్లో పోయారు. అది భర్తను పోగొట్టుకున్న ఇల్లాలి హక్కు, వద్దనడానికి మీరెవరు? దరఖాస్తు గడువు 2022లోనే దాటిపోయింది. తీవ్రమైన ఇబ్బంది వల్ల రాలేకపోయినవాళ్ళు ఫిర్యాదుల పరిష్కార కమిటీకి మొరపెట్టుకోవచ్చని కోర్టు దారి ఉంచింది గానీ, 'బావగారు వద్దన్నారు' అంటే అది ఇబ్బంది కిందికి వస్తుందో రాదో. అయినా టెస్టు రిపోర్టు, మరణ ధ్రువపత్రం పట్టుకుని మరదలిని, కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని జిల్లాధికారి ఆఫీసులో ఒకసారి అడిగి రండి. రాదంటే ఆ యాభై వేలు మీరే ఇవ్వండి. నావల్లే రాకుండా పోయిందని వాడి ముందే చెప్పి ఇవ్వండి. మరదలు వద్దంటుంది. ఆవిడ పేరున బ్యాంకులో వేసి రసీదు చేతికివ్వండి.