ఉబుంటులో ఒక గొడవ, మ్యాక్‌లో ఇంకో గొడవ: బిల్డ్ స్క్రిప్ట్‌లపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా టీమ్‌లో కొందరికి మ్యాక్‌బుక్‌లు, కొందరికి ఉబుంటు. సీ ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసే షెల్ స్క్రిప్ట్ (కమాండ్లు వరుసగా రాసిన ఫైల్) ఉబుంటులో ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఆపరేటర్’ అంటోంది. మ్యాక్‌లో ఆ గొడవ లేదు గానీ, సెడ్ (ఫైల్‌లోని టెక్స్ట్ మార్చే కమాండ్) దగ్గర ‘ఇన్‌వాలిడ్ కమాండ్ కోడ్ ఎమ్’ అని ఆగిపోతోంది. ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో స్క్రిప్ట్ పెట్టుకోమంటారా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: వద్దండీ. రెండు పెట్టుకుంటే నెల తిరక్కుండానే ఒకదాంట్లో దిద్దినది రెండోదాంట్లో ఉండదు.

మీ స్క్రిప్ట్ మొదటి వరుసలో, దాన్ని నడిపే షెల్ పేరుగా ఎస్‌హెచ్ అని ఉండి ఉంటుంది. ఉబుంటులో 6.10 (2006) నుంచి ఆ పేరు వెనక ఉన్నది బాష్ అనే షెల్ కాదు, డ్యాష్ అనే ఇంకో షెల్. చదరపు బ్రాకెట్లలో == రాస్తే దానికి అర్థం కాదు; ఒక్క = చాలు. మ్యాక్‌లో ఎస్‌హెచ్ అన్నా పలికేది బాషే కాబట్టి అక్కడ తప్పు బయటపడలేదు. డ్యాష్‌కు తెలియని జంట బ్రాకెట్లు, అర్రేలు కూడా తీసేయండి. సోర్స్ బదులు చుక్క, ఎకో -ఇ బదులు ప్రింట్‌ఎఫ్ వాడండి. మొదటి వరుసనే బాష్ అని మార్చేస్తే పోదా అంటారేమో. మ్యాక్‌తో వచ్చే బాష్ 3.2, అంటే 2006 నాటి వెర్షన్. అసోసియేటివ్ అర్రేలు (అంకెలతో కాక పేర్లతో వెతుక్కునే జాబితాలు) 4.0లో గానీ రాలేదు.

ఇక సెడ్. ఫైల్‌ను ఉన్నచోటే మార్చే -ఐ ఆప్షన్‌కు లినక్స్‌లో బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ ఇవ్వకపోయినా నడుస్తుంది, మ్యాక్‌లో ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే మీరు రాసిన మార్పునే ఎక్స్‌టెన్షన్ అనుకుని, పక్కనున్న ఫైల్ పేరును కమాండ్‌గా చదువుతుంది. మీరు మార్చబోయింది మేక్‌ఫైల్ (బిల్డ్ సూచనలుండే ఫైల్) అయ్యుంటుంది. ఆ ఎమ్ దాని మొదటి అక్షరమే. -ఐ మానేసి, ఫలితాన్ని టెంపరరీ ఫైల్‌లోకి పంపి, && (ముందుది సరిగ్గా నడిస్తేనే తర్వాతది నడిపే గుర్తు) తర్వాత, ఫైల్ పేరు మార్చే ఎమ్‌వీతో అసలు పేరు పెట్టండి. > గుర్తుతో అదే ఫైల్‌లోకి పంపారో, సెడ్ చదవకముందే షెల్ దాన్ని ఖాళీ చేసేస్తుంది. ఇంకొకటి, ఇలా మార్చినది స్క్రిప్టే అయితే ఎగ్జిక్యూట్ పర్మిషన్ పోతుంది. సీహెచ్‌మాడ్‌తో మళ్లీ ఇవ్వాలి.

యూనేమ్‌తో సిస్టమ్ పేరు కనుక్కుని ఇఫ్‌లు పేర్చుకుంటూ పోవడం చాలామందికి అలవాటు. మాకది నచ్చదు. ఉదాహరణకు, లింక్ వెనక ఉన్న అసలు ఫైల్‌ను చెప్పే రీడ్‌లింక్‌కు -ఎఫ్ ఆప్షన్ మ్యాక్‌ఓఎస్ 12.3లో వచ్చింది. సిస్టమ్ పేరు అదే అయినా పాత మ్యాక్‌లో అది లేదు, కొత్తదాంట్లో ఉంది. కాబట్టి పేరు వదిలేసి, కావలసింది ఉందో లేదో చూడండి: కమాండ్ అయితే ‘కమాండ్ -వి’తో, ఆప్షన్ అయితే ఉత్తుత్తి ఫైల్ మీద నడిపి. ప్రాసెసర్ల లెక్కకు ఎన్‌ప్రాక్ మీద ఆధారపడకండి. ‘గెట్‌కాన్ఫ్ _ఎన్‌ప్రాసెసర్స్_ఓఎన్‌ఎల్‌ఎన్’ రెండుచోట్లా పనిచేస్తుంది.

ప్రశ్న: విండోస్‌లో ఎడిట్ చేసి గిట్‌లో (కోడ్ మార్పులను భద్రపరిచే టూల్) పెట్టిన స్క్రిప్ట్ లినక్స్ సర్వర్‌లో ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అంటోంది. ఫైల్ తెరిచి చూస్తే తేడా ఏమీ కనబడదు.
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: కనబడదు మరి. విండోస్ ప్రతి వరుస చివరా సీఆర్ అనే కనబడని అక్షరాన్ని అదనంగా పెడుతుంది. లినక్స్ దాన్ని కూడా షెల్ పేరులో కలిపేసుకుని, లేని ఫైల్ కోసం వెతుకుతుంది. ప్రాజెక్ట్‌లోని గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్‌లో ‘*.ఎస్‌హెచ్ టెక్స్ట్ ఈఓఎల్=ఎల్‌ఎఫ్’ అని ఒక వరుస చేర్చి, గిట్ యాడ్‌ను రీనార్మలైజ్ ఆప్షన్‌తో నడిపి కమిట్ చేయండి. ఎడిటర్ సెట్టింగులు మార్చుకోమని పదిమందికీ చెప్పడం కన్నా ఇదే నయం.

ప్రశ్న: బిల్డ్ ఫైళ్లు తయారుచేసే సీమేక్‌కు బిల్డ్ టైప్ రిలీజ్ అని ఇచ్చినా విజువల్ స్టూడియోతో డీబగ్ బిల్డే వస్తోంది.
– ఒక పాఠకురాలు, కోరమంగళ

జవాబు: లినక్స్‌లో మేక్‌ఫైల్ తయారుచేసేటప్పుడు పనికొచ్చే సెట్టింగ్ అది. విజువల్ స్టూడియో ప్రాజెక్ట్‌లో డీబగ్, రిలీజ్ రెండూ ఉంటాయి కాబట్టి దాన్ని పట్టించుకోదు. ఏది కావాలో సీమేక్ --బిల్డ్ దగ్గర ‘--కాన్ఫిగ్ రిలీజ్’ అని చెప్పాలి. స్క్రిప్ట్‌లో బిల్డ్ టైప్, --కాన్ఫిగ్ రెండూ రాసి ఉంచండి. ఒకటి పనికిరాని చోట రెండోది పనికొస్తుంది.

ప్రశ్న: ఉబుంటు 24.04లో బిల్డ్ చేసిన ప్రోగ్రామ్, క్లయింట్ వాళ్ల 20.04 సర్వర్‌లో ‘జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్’ అంటోంది.
– ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: 24.04లో ఉన్న జీలిబ్‌సీ (సీ ప్రోగ్రామ్‌లు ఆధారపడే మూల లైబ్రరీ) 2.39, 20.04లో ఉన్నది 2.31. పాతదాని మీద కట్టిన ప్రోగ్రామ్ కొత్తదాని మీద నడుస్తుంది, తిరగేస్తే కుదరదు. మీ కోడ్‌లో కొత్త ఫంక్షన్ ఒక్కటీ లేకపోయినా, మెయిన్‌ను మొదలుపెట్టే భాగమే 2.34ను అడుగుతుంది. అందుకని మీ కస్టమర్లలో అందరికన్నా పాత ఉబుంటు ఏదో కనుక్కుని, ఆ వెర్షన్ కంటైనర్‌లో (మీ మెషీన్ మీదే విడిగా నడిచే ఉబుంటులో) బిల్డ్ చేయండి. పంపేముందు ‘ఆబ్జ్‌డంప్ -టి’ (పెద్ద అక్షరం టి) ఇచ్చే జాబితాలో జీలిబ్‌సీ పక్కనున్న అంకెల్లో పెద్దది ఏదో చూసుకోండి. కొత్త మెషీన్‌లోని జీలిబ్‌సీ ఫైల్‌ను మాత్రం క్లయింట్ సర్వర్ మీదికి కాపీ చేయకండి. దానికి జోడుగా ఉండాల్సిన లోడర్ (ప్రోగ్రామ్‌లను మెమరీలోకి ఎక్కించేది) పాతదే కాబట్టి, మీ ప్రోగ్రామ్ సరే, ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కూడా నడవని పరిస్థితి వస్తుంది.