బండి స్టేషన్లో ఉంటే చల్లారేదాకా ఆగకు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

అరగంట పనుందని స్నేహితుడు బండి అడిగి తీసుకెళ్లడం, పేకాట మీద రైడ్ జరగడం, అక్కడున్న బళ్లన్నిటితో పాటు నీదీ పోలీస్ స్టేషన్‌కి చేరడం, అంతా విన్నాను. దానికి నేనేమీ అనను. కానీ చివర్లో "కాస్త చల్లారాక వెళ్దాంలే మామయ్యా" అన్నావు చూడు, ఆ మాటకే ఈ ఉత్తరం రాస్తున్నా.

తొమ్మిదేళ్లు పోలీస్ స్టేషన్లో రైటర్‌గా, అంటే కేసుల కాగితాలు రాసేవాడిగా చేసినవాణ్ణి. మా వెనక ఆవరణలో వేపచెట్టు కింద బళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉండేవి. పెట్రోల్ ట్యాంకు మీద తెల్ల పెయింటుతో క్రైమ్ నంబరు, అంటే కేసు నంబరు. మొదటి వానకి చైను తుప్పు పడుతుంది, రెండు నెలలకి బ్యాటరీ చస్తుంది, ఎండకి సీటు పగులుతుంది. ఓ బండి చక్రంలోంచి తీగ పాకి హ్యాండిల్ దాకా వచ్చింది. దాని ఓనరు ఏడాదిన్నర తర్వాత కోర్టు ఆర్డరు పట్టుకొచ్చాడు. కాసేపు దాని చుట్టూ తిరిగి, మారు మాట్లాడకుండా ట్రాలీ ఆటో పిలుచుకున్నాడు. అందులో పోలీసుల తప్పు లేదని అనను, కాపలా కాయడానికి షెడ్డు కూడా ఉండేది కాదు. కానీ ఆ ఏడాదిన్నర పోగొట్టుకున్నది మాత్రం అతనే.

ఒక సంగతి తెలుసుకో. లైసెన్సో ఆర్సీయో లేదని రోడ్డు మీద ఆపిన బండి వేరు. కాగితాలు చూపించి, జరిమానా కడితే అది వచ్చేస్తుంది. నీది అలా కాదు, ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కిన బండి. ఎస్సై మంచివాడైనా చేతికివ్వలేడు, కోర్టు ఆర్డరు కావాలి. స్టేషన్ బయట టీ బంకు దగ్గర "నేను మాట్లాడి ఇప్పిస్తా" అనేవాడు ఒకడు తగులుతాడు. వాడికి రూపాయి ఇవ్వకు.

రేపే వెళ్లి క్రైమ్ నంబరు, సెక్షన్లు రాసుకో. ఎఫ్‌ఐఆర్ కాపీ, పంచనామా (సాక్షుల ముందు బండిని పట్టుకున్నట్టు రాసిన కాగితం) కాపీ అడుగు. పంచనామాలో మీటరు రీడింగు, అద్దాలు, బ్యాటరీ, ఇంజన్ నంబరు రాశారో లేదో చూడు. రాయకపోతే మర్యాదగా అడిగి నీ ఫోన్లో నాలుగు వైపులా ఫొటోలు తీసుకో. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చాక సీజ్ చేసేటప్పుడు వీడియో తీయాలి, అది ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు వెళ్లాలి. ఆ సంగతి నీకు తెలుసని వాళ్లకి తెలిస్తే చాలు, గొడవ పెట్టుకోనక్కర్లేదు.

తర్వాత లాయరు. కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 451, 457 సెక్షన్లు ఉండేవి, ఇప్పుడు నేను చెప్పిన ఆ కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అవి 497, 503. బండిని కేసు తేలేదాకా తాత్కాలికంగా అప్పగించమని పిటిషన్ వేస్తారు. వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచడం వల్ల లాభం లేదు, ఫొటోలు తీసి, బాండ్ రాయించుకుని ఇచ్చేయండని 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లాయర్లందరికీ నోటికొచ్చిన తీర్పే. బాండ్ (హామీ పత్రం), ష్యూరిటీ (పూచీ పడే మనిషి) అడుగుతారు. అమ్మకూడదు, రంగు మార్చకూడదు, పిలిచినప్పుడు తేవాలి అంటారు. వాటిని తేలిగ్గా తీసుకోకు.

ఇక అసలు చిక్కు. బండి కొని రెండేళ్లయినా ఆర్సీ ఇంకా పాత ఓనరు పేరునే ఉందంటున్నావు. పద్నాలుగు రోజుల్లో అమ్మినవాడు, ముప్పై రోజుల్లో కొన్నవాడు ఆర్టీఓకి తెలపాలని చట్టం. నువ్వేమో ఆ ఖర్చెందుకని ఊరుకున్నావు. ఇప్పుడు కోర్టు ముందు నువ్వు ఎవరివి? ఆర్సీలో పేరున్నవాడికే సాధారణంగా ఇస్తారు. కాబట్టి ఈరోజే ఆయనకి ఫోన్ చెయ్యి, పిటిషన్ ఆయన పేరున వేయించు. రానుపోను చార్జీలు, భోజనం నీవే. విసుక్కుంటే పడు. ఆయన రానంటే పని పదింతలవుతుంది. ఫైనాన్స్ బాకీ ఉంటే ఆ కంపెనీ నుంచి కాగితం కూడా లాయరు అడుగుతాడు.

ఎవరూ అడగని బళ్లకి ప్రకటన ఇస్తారు, ఆరు నెలల్లో హక్కుదారు రాకపోతే అమ్మకానికి పోతాయి. వేలంలో కొనేది ఎక్కువగా తుక్కు వ్యాపారులే. నువ్వు ఉన్నావు కాబట్టి అంత దాకా రాదు. ఎక్సైజ్ కేసుల్లోనో, అడవి కలప కేసుల్లోనో అయితే జప్తు వ్యవహారం ఆ శాఖ అధికారుల దగ్గర నడుస్తుంది, అది మరో తలనొప్పి. నీది పేకాట కేసే, సంతోషించు.

ఆర్డరు వచ్చిన రోజు ఒక మెకానిక్‌ని వెంట తీసుకెళ్లు. పాత పెట్రోలు తీయించి, బ్యాటరీ చూపించి, పంచనామాతో పోల్చుకున్నాకే సంతకం పెట్టు. సంతకం పెట్టాక అద్దం లేదంటే ఎవరూ వినరు. ఇంటికి తోలుకొచ్చే ముందు ఇన్సూరెన్స్ తేదీ కూడా చూసుకో, ఈ గొడవలో అది దాటిపోయి ఉంటుంది.

ఇంతకీ రెండో తాళం నీ దగ్గరుందా, లేక అదీ ఆ స్నేహితుడి జేబులోనే ఉందా? సాయంత్రం లోపు చెప్పు. సోమవారం నేనూ కోర్టుకు వస్తా.

మీ మామయ్య