డెవాప్స్ కోర్సా, జావానా? ఫీజు కట్టే ముందు ఆ మూడు సర్వర్ల సంగతి చూద్దాం

ప్రశ్న: మా అబ్బాయి 2025లో ఈసీఈతో బీటెక్ పూర్తి చేశాడు. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే ఇంటి దగ్గర చేసుకురమ్మని ఒక పని ఇచ్చారు. ఒకే రకంగా ఉండే మూడు క్లౌడ్ సర్వర్లను (ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకునే కంప్యూటర్లు) ప్రైవేట్ నెట్‌వర్క్‌లో, టెర్రాఫామ్ అనే సాఫ్ట్‌వేర్‌కు కోడ్ రాసి పెట్టాలట. రాత్రిళ్లు మేలుకుని చేశాడు. సర్వర్లు వచ్చాయి కానీ ఉద్యోగం రాలేదు. "మధ్య సర్వర్ తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగితే చెప్పలేకపోయాడట. నా కార్డు మీద బిల్లు కూడా వచ్చింది. ఇప్పుడు అమీర్‌పేటలో డెవాప్స్ (సర్వర్లు పెట్టి సాఫ్ట్‌వేర్‌ను నడిపించే పని) కోర్సు చేస్తానంటున్నాడు. మా బావమరిది జావా ఫుల్‌స్టాక్ మేలంటున్నాడు. ఏఐ ఉండగా ఈ కోడ్ రాసేవాళ్లకు ఉద్యోగాలు ఉంటాయా? ఒక కన్సల్టెన్సీ అతను మూడేళ్ల అనుభవం ఉన్నట్టు లెటర్ ఇప్పిస్తానంటున్నాడు. నేను చిక్కడపల్లిలో ఆఫ్‌సెట్ ప్రెస్ నడిపి ఈ మధ్యే మూసేశాను. ఏది మంచిదో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, మల్కాజిగిరి

జవాబు: సార్, ముందు ఆ లెటర్ సంగతి తేల్చేద్దాం. ఆ మనిషి ఫోన్ ఇక ఎత్తకండి. కాస్త పేరున్న కంపెనీలన్నీ చేరేవాళ్ల పాత ఉద్యోగాల గురించి ఆరా తీస్తాయి. పీఎఫ్‌లో ఒక్కో ఉద్యోగికి ఉండే యూఏఎన్ నంబరు కింద ఏ యజమాని దగ్గర ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేశారో కనిపిస్తుంది. చేయని ఉద్యోగానికి అక్కడ జమ ఉండదు. చేరాక బయటపడితే ఆ ఉద్యోగం పోవడంతో ఆగదు, తర్వాతి ఇంటర్వ్యూలో "అక్కడ ఎందుకు మానేశావు?" అన్న ప్రశ్నకు మళ్లీ ఇంకో అబద్ధం కావాలి. మీరు ఈ మాట అబ్బాయి ముందు ఎత్తారా? ఎత్తి ఉంటే ఈ రోజే వెనక్కి తీసుకోండి. మీరు వాడి మేలు కోరే అడిగారు, నాకు తెలుసు. కానీ ఇరవై రెండేళ్ల కుర్రాడికి అది "నీ దగ్గర ఉన్నది చాలదు" అని తండ్రి అన్నట్టే వినపడుతుంది.

మీరు పోలిక అడిగారు. మీ ప్రశ్న చదివితే అడుగున ఇంకో భయం కనిపిస్తోంది: కొడుకు తెల్లవార్లూ తెర ముందు కూర్చుని చేస్తున్నది అసలు పనేనా, లేక కాలక్షేపమా అని. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామందిది ఇదే బెంగ. ఒకప్పుడు హడూప్ పేరుతో వచ్చారు, తర్వాత డేటా సైన్స్ పేరుతో, ఇప్పుడు డెవాప్స్ పేరుతో వస్తున్నారు.

అది పనే సార్. మీకు ప్రెస్ తెలుసు కాబట్టి తేలిగ్గా చెప్పొచ్చు. ప్లేటు ఒకటి సరిగ్గా తయారైతే ఎన్ని కాపీలైనా ఒకేలా పడతాయి. తప్పు కనిపిస్తే ప్లేటు మారుస్తారు గానీ ఒక్కో కాపీ మీద పెన్నుతో దిద్దరు. మీ అబ్బాయి రాసిన కోడ్ ఆ ప్లేటు. సర్వర్ ఎంత పెద్దది, అందులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ నెట్‌వర్క్‌లో ఉండాలి, లోపలికి ఏ పోర్టు (దారి) తెరవాలి అన్నవి ఫైల్లో రాస్తే టెర్రాఫామ్ క్లౌడ్ కంపెనీతో మాట్లాడి అచ్చం అలాగే తయారు చేస్తుంది. వెబ్‌సైట్‌లో బటన్లు నొక్కి మూడు సర్వర్లు పెట్టుకోవచ్చు. కానీ మూడోదానికి ఒక సెట్టింగ్ మర్చిపోతాం, అది ఆరు నెలల తర్వాత ఏ అర్ధరాత్రో బయటపడుతుంది. బ్యాంకులు, ఆస్పత్రులు, టికెట్ బుకింగ్ యాప్‌లు ఈ పద్ధతికి మారింది అందుకే.

ఇప్పుడు ఆ ఇంటర్వ్యూ ప్రశ్న. చాలా మంచి ప్రశ్న అది. మీ అబ్బాయి బహుశా కౌంట్ అనే పద్ధతి వాడి ఉంటాడు. నేర్చుకునేవాళ్లు ఎక్కువమంది అదే వాడతారు. అందులో సర్వర్లకు 0, 1, 2 అని వరుస నంబర్లు పడతాయి. పేర్ల జాబితాలోంచి మధ్య పేరు తీసేస్తే మూడో పేరు జరిగి 1వ స్థానంలోకి వస్తుంది, 2వ స్థానం ఖాళీ అవుతుంది. టెర్రాఫామ్‌కు స్థానాలే తెలుసు. కాబట్టి మీరు తీసేయాలనుకున్న యంత్రానికి మూడోదాని పేరు తగిలించి, బాగా నడుస్తున్న మూడో యంత్రాన్ని కూల్చేస్తుంది. అందులో కస్టమర్ల డేటా ఉంటే ఇక చెప్పేదేముంది! ఫర్ ఈచ్ అనే ఇంకో పద్ధతిలో ఒక్కో సర్వర్‌ను దాని పేరుతోనే గుర్తుపెట్టుకుంటుంది. మధ్యది తీస్తే మధ్యదే పోతుంది. అతనికి తెలియనిది ఈ ఒక్క విషయం. ఎవరూ నేర్పకుండా, కోర్సు లేకుండా, సొంతంగా ప్రైవేట్ నెట్‌వర్క్‌లో మూడు సర్వర్లు పెట్టాడు మీ వాడు. దాన్ని మీరు "ఉద్యోగం మాత్రం రాలేదు" అని ఒక్క మాటతో దాటేశారు. నాకు బాధ కలిగింది అక్కడే.

బిల్లు విషయానికి వద్దాం, అతన్ని దీనికి తిట్టి ఉంటారని నా అనుమానం. ప్రైవేట్ నెట్‌వర్క్‌లో ఉన్న సర్వర్‌కు బయటి నుంచి దారి ఉండదు, దాన్ని అలా పెట్టేదే భద్రత కోసం. కానీ అది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు దించుకోవాలంటే బయటకు వెళ్లే దారి ఒకటి కావాలి. దానికి నాట్ గేట్‌వే అని పెడతారు. వాడినా వాడకపోయినా గంటల లెక్కన దానికి డబ్బు పడుతూనే ఉంటుంది. ఇంటర్నెట్‌లో నేరుగా కనిపించే పబ్లిక్ ఐపీ అడ్రసులకు కూడా 2024 ఫిబ్రవరి నుంచి అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్ గంటల లెక్కనే తీసుకుంటోంది. పని అయ్యాక, పెట్టినవన్నీ తీసేసే డిస్ట్రాయ్ కమాండ్ కొట్టకుండా పడుకుంటే తెల్లారేసరికి మీటరు తిరుగుతుంది. ఖాతా తెరిచిన రోజే, ఖర్చు హద్దు దాటితే హెచ్చరించే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోవాలి, ప్రతి రాత్రి డిస్ట్రాయ్ చేసి లేవాలి. ఉద్యోగంలో కూడా ఖర్చు మీద ఈ జాగ్రత్తే అడుగుతారు. బిల్లు కట్టేసి ఆ సంగతి వదిలేయండి.

కోర్సు గురించి నా అనుమానాలు దాచను. మైత్రీవనం చుట్టుపక్కల బోర్డుల మీద "డెవాప్స్, ఫ్రెషర్స్‌కు కూడా, వంద శాతం ప్లేస్‌మెంట్" అని చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. టెర్రాఫామ్, డాకర్, కుబెర్నెటీస్, జెంకిన్స్, ఇలా ఈ పనిలో వాడే పరికరాల పేర్లన్నీ వరుసగా నేర్పుతారు. కమాండ్లు వస్తాయి, కాదనను. కానీ ఈ పనికి పిలిచే కంపెనీ ఏం చూస్తుంది? నడుస్తున్న సర్వర్ల తాళాలు ఇచ్చేంత నమ్మకం ఉందా అని. నిన్న కాలేజీ వదిలిన పిల్లవాడికి ఆ తాళాలు ఎవరూ ఇవ్వరు. ఇవాళ ఈ పని చేస్తున్నవాళ్లలో చాలామంది ముందు లైనక్స్ సర్వర్లు చూసుకునే అడ్మిన్‌గానో, సపోర్ట్‌లోనో, డెవలపర్‌గానో రెండు మూడేళ్లు గడిపి ఇటు వచ్చినవాళ్లు. ఆ సంగతి బోర్డు మీద రాయరు. ఫ్రెషర్‌ను చేర్చుకుని, కోర్సు అయ్యాక "అనుభవం లేకపోతే పిలవరు, ఒక లెటర్ పెట్టుకుందాం" అంటారు. మీ దగ్గరకు వచ్చిన కన్సల్టెన్సీ అతను ఎక్కడి నుంచి వచ్చాడో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

పైగా పరికరాలు మారిపోతుంటాయి. టెర్రాఫామ్ 2014లో వచ్చింది. 2023 ఆగస్టులో దాన్ని తయారుచేసిన హాషికార్ప్, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునే లైసెన్స్‌ను కట్టుదిట్టంగా మార్చేసింది. అది నచ్చనివాళ్లు పాత కోడ్ తీసుకుని ఓపెన్‌టోఫు అని వేరే దారి పట్టారు, లైనక్స్ ఫౌండేషన్ దాన్ని చేరదీసింది. 2025లో హాషికార్ప్‌ను ఐబీఎం కొనేసింది. ఐదేళ్ల తర్వాత కంపెనీలు ఏది వాడతాయో నేను హామీ ఇవ్వలేను. అదే ప్రైవేట్ నెట్‌వర్క్‌ల కోసం కేటాయించిన అడ్రసులు చూడండి. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవి. 1996లో ఖరారు చేసినవే ఇప్పటికీ నడుస్తున్నాయి. మీ ఇంటి వైఫై కూడా వాటిలోదే వాడుతూ ఉంటుంది. /24 సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లో ఒక చిన్న భాగం) 256 అడ్రసులు వస్తాయని, ఏడబ్ల్యూఎస్ ఐదు తనకు ఉంచుకుంటుంది కాబట్టి 251 మిగులుతాయని లెక్క కట్టగలిగితే, రూట్ టేబుల్ (దారుల పట్టిక) చూసి డేటా ప్యాకెట్ ఎటు పోతుందో చెప్పగలిగితే, ఆ విద్య పాతబడదు. ఈసీఈ చదివాడు కదా, కంప్యూటర్ నెట్‌వర్క్స్ పుస్తకం ఇంట్లోనే ఉండి ఉంటుంది. దుమ్ము దులిపి తీయమనండి.

ఏఐ గురించి మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఈ కోడ్ అది నిజంగానే రాసేస్తుంది. మూడు సర్వర్లు కావాలంటే నిమిషంలో ఇస్తుంది, అందులో కౌంట్ వాడిందో ఫర్ ఈచ్ వాడిందో చూసేవాడు మాత్రం కావాలి. టెర్రాఫామ్ ఏదైనా మార్చే ముందు ప్లాన్ చూపిస్తుంది: ఇన్ని కొత్తవి పెడతాను, ఇన్ని మారుస్తాను, ఇన్ని కూలుస్తాను అని. ఆ కాగితం చదివి, "కూల్చేవి ఒకటి అని ఎందుకు వచ్చింది?" అని ఆగేవాడికి జీతం ఇస్తారు. టైపు చేయడానికే జీతం వచ్చే ఉద్యోగాలు తగ్గుతాయి, నిజం. చదివి తప్పు పట్టుకోగలిగేలా మీ అబ్బాయి తయారవ్వాలి.

ఇంకో మాట కూడా ఈ మధ్య తెగ వినిపిస్తోంది, హైదరాబాద్‌కు డేటా సెంటర్లు వచ్చాయి కాబట్టి క్లౌడ్ చదివితే ఉద్యోగం ఖాయమని. ఏడబ్ల్యూఎస్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ తెరిచింది, మూడు జోన్లతో (విడివిడి డేటా సెంటర్ల గుంపులు). మంచిదే. కానీ డేటా సెంటర్ భవనంలో పనిచేసే మనుషులు కొద్దిమందే. ఈ కోడ్ రాసే ఉద్యోగానికీ సర్వర్ ఎక్కడుందన్నదానికీ సంబంధం లేదు. గచ్చిబౌలిలో కూర్చుని ఐర్లాండ్‌లో సర్వర్ పెట్టవచ్చు.

ఇక మీరు అడిగిన పోలిక. ఫ్రెషర్లకు పిలుపులు జావా వైపు ఎక్కువ, అందులో మీ బావమరిది మాట తప్పు కాదు. పోటీ కూడా అక్కడే ఎక్కువ. కానీ ఎవరూ నేర్పకుండా రాత్రిళ్లు నెట్‌వర్క్ పెట్టుకుంటూ కూర్చున్నవాడిని తీసుకెళ్లి జావా బ్యాచ్‌లో కూర్చోబెడితే మనసు పెట్టడు. అతనికి సరిపడే దారి ఒకటుంది: క్లౌడ్ సపోర్ట్, లైనక్స్ అడ్మిన్, నెట్‌వర్క్ మానిటరింగ్ ఉద్యోగాలు. జీతం మొదట్లో తక్కువ, నైట్ షిఫ్టులు ఉంటాయి. ఇక్కడే తల్లిదండ్రులు అడ్డుపడతారు. "బీటెక్ చదివి సపోర్టా? నైట్ షిఫ్టా? చుట్టాలకు ఏం చెప్పాలి?" అంటారు. సార్, చుట్టాలకు ఏమీ చెప్పక్కర్లేదు. మీరూ ప్రెస్‌లో పండగ ముందు రాత్రిళ్లు మిషన్ నడిపే ఉంటారు కదా, మీ అబ్బాయికి షిఫ్టు అవమానం ఎలా అవుతుంది? సర్వర్ పడిపోయినప్పుడు లేపే పని రెండేళ్లు చేసినవాడి చేతికే ఆ తాళాలు వస్తాయి.

ఈ మూడు నెలలు కోర్సు ఫీజు చేతిలోనే ఉంచండి. అతన్ని ఆ మూడు సర్వర్ల పనే మళ్లీ చేయమనండి. ఈసారి ఫర్ ఈచ్‌తో, రెండు వేర్వేరు జోన్లలో రెండు ప్రైవేట్ సబ్‌నెట్లు పెట్టి, ఏ సర్వర్‌కూ పబ్లిక్ ఐపీ లేకుండా. తర్వాత కావాలనే పాడు చేయాలి. వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఒక సర్వర్‌ను చేత్తో తీసేసి, ఇంకోదాని ఫైర్‌వాల్ రూలు మార్చి, మళ్లీ ప్లాన్ నడిపితే ఏం చూపిస్తుందో రాసుకోవాలి. స్టేట్ ఫైల్ అని ఒకటి ఉంటుంది. టెర్రాఫామ్ తాను ఏం పెట్టిందో అందులో గుర్తుంచుకుంటుంది, పాస్‌వర్డ్‌లు కూడా అందులో పచ్చిగా కనిపించే ప్రమాదం ఉంది. దాన్ని గానీ, క్లౌడ్ ఖాతా తెరిచే యాక్సెస్ కీలు గానీ, కోడ్ నలుగురికీ చూపించే గిట్‌హబ్ సైట్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. కీలు బయటపడితే ఎవరో వాడుకుని వేలల్లో బిల్లు చేస్తారు. క్లౌడ్ ఖర్చు భయమైతే ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని రెండు లైనక్స్ యంత్రాల మధ్య రూటింగ్ పెట్టుకోవచ్చు, రూపాయి కాదు. ఈ లోపే సపోర్ట్ ఉద్యోగాలకు అప్లై చేస్తూ ఉండాలి, అన్నీ వచ్చాక చేద్దామని ఆగకూడదు. ఇంత చేశాక కూడా కోర్సు కావాలంటే చేరనివ్వండి. అప్పటికి తనకు ఏం రాదో తెలిసి వెళ్తాడు. ప్లేస్‌మెంట్ మాట నమ్మి ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి.

ఆ మాదాపూర్ కంపెనీకి ఒక మెయిల్ కూడా రాయమనండి. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు తెలుసుకున్నాను, కోడ్ ఇలా మార్చాను, మధ్య సర్వర్ తీస్తే ప్లాన్ ఇప్పుడు ఇలా వస్తోంది అని నాలుగు లైన్లు, గిట్‌హబ్ లింకు. వాళ్లు జవాబు ఇవ్వకపోవచ్చు. పర్వాలేదు, అదే లింకు తర్వాతి అప్లికేషన్‌లో పనికొస్తుంది. అనుభవం అని రెజ్యూమేలో రాయడానికి ఏమీ లేని చోట దాన్నే పెట్టమనండి.