రాని పని ఒప్పుకుని వేరేవాళ్లతో చేయించొచ్చా?

ప్రశ్న: నేను ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్ని. వర్డ్‌ప్రెస్, పీహెచ్‌పీ బాగా వచ్చు. ఇక్కడ ఒక కోల్డ్ స్టోరేజీకి వెబ్‌సైట్ చేసిచ్చాను, ఓనర్ గారికి నచ్చింది. ఇప్పుడాయన రైతులు తమ మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎన్ని ఉన్నాయో ఫోన్లో చూసుకునేలా యాప్ కావాలంటున్నారు, ఎస్సెమ్మెస్‌లు కూడా వెళ్లాలట. రెండున్నర లక్షలు ఇస్తానన్నారు. నాకు యాప్‌లు రావు. విజయవాడలో ఒక ఫ్రెండ్ ఫ్లటర్ అనే టూల్‌తో యాప్‌లు చేస్తాడు. వాడితో చేయించి నా పేరు మీద ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఓనర్ గారికి చెప్పాలా? చెబితే ఆయన నేరుగా వాడినే పట్టుకుంటారేమోనని టెన్షన్. ఇందులో నేనెంత ఉంచుకోవచ్చు?
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చేయించొచ్చు, తప్పేం లేదు. ఆటోనగర్‌లో లారీ బాడీ ఆర్డరు పట్టిన షెడ్డు ఓనరు వైరింగు ఒకరికి, పెయింటింగు ఇంకొకరికి ఇస్తాడు. లారీ యజమానికీ ఆ సంగతి తెలుసు. అయితే వైరింగు తను చేయకపోయినా, చేసింది సరిగ్గా ఉందో లేదో ఆ షెడ్డు ఓనరు చూసి చెప్పగలడు. మీరు తేల్చుకోవాల్సింది ఇదొక్కటే. ఫ్రెండు ఇచ్చిన యాప్‌ని పరీక్షించి, ఇక్కడ తప్పుంది అని పట్టుకోగలరా? పట్టుకోలేనంటే ఆ పని ఒప్పుకోవద్దు, ఫ్రెండు నంబరు ఓనర్ గారికిచ్చి పక్కకు తప్పుకోండి. డబ్బు మీ పేరున తీసుకున్నాక సీజన్లో రాత్రి పదింటికి "యాప్ తెరుచుకోవట్లేదయ్యా" అని ఫోనొచ్చేది మీకే, వాడికి కాదు.

అంతకంటే ముందు ఆయనకు నిజంగా యాప్ కావాలా అని ఒకసారి అడిగి చూడండి. రసీదు నంబరు, ఫోన్ నంబరు కొడితే టిక్కీల లెక్క కనపడే పేజీ మీ పీహెచ్‌పీలోనే చేసేయొచ్చు కదా, ఓటీపీ ఒకటి పెడితే చాలు. ఏడాదిలో నాలుగైదు సార్లు చూసుకునేదాని కోసం రైతు ప్లే స్టోర్‌కి వెళ్లి యాప్ దించుకుంటాడా అన్నది నా అనుమానం. చాలామంది ఓనర్లకు పక్క స్టోరేజీ వాళ్లకు ఉంది కాబట్టి మనకూ ఉండాలి అనే ఉంటుంది (తప్పనను, వ్యాపారం అలాగే నడుస్తుంది). అయినా యాపే కావాలంటే పనిని రెండుగా విడగొట్టండి. డేటాబేస్, లాగిన్, సర్వర్ వైపుదంతా మీరు చేయండి, ఫోన్లో కనపడే స్క్రీన్లు ఫ్రెండుకివ్వండి. అప్పుడు లెక్కలు తేడా వస్తే ఎక్కడ వచ్చిందో మీకు తెలుస్తుంది, రేపు వాడు తప్పుకున్నా ఇంకో ఫ్లటర్ మనిషిని పెట్టుకోవచ్చు.

ఓనర్ గారికి చెప్పండి. ఫ్రెండుకి మీ డొమైన్ మీద ఒక మెయిల్ ఐడీ ఇచ్చి, మా ఆఫీసు కుర్రాడే అని మీటింగులో కూర్చోబెట్టే ఆలోచన ఉంటే మానేయండి, గుంటూరు విజయవాడల మధ్య ఇలాంటివి ఎంతోకాలం దాగవు. "ఫోన్ యాప్ భాగం విజయవాడలో ఒకాయన చేస్తాడు, బాధ్యత నాది, ఏదున్నా నాకే ఫోన్ చేయండి" అంటే సరిపోతుంది. నేరుగా వాడిని పట్టుకుంటారన్న భయానికి కాగితంలో పెద్ద మందు లేదు. ఈ క్లయింట్‌కి ఇక జన్మలో పని చేయకూడదు అని రాయించుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఒకరి వృత్తికి అలా అడ్డం పడే షరతు చెల్లదు. సర్వర్ మీ చేతిలో ఉండి, పిలిస్తే పలుకుతూ ఉంటే ఆయన మిమ్మల్ని ఎందుకు వదులుకుంటారు?

కాగితం మీద తప్పకుండా ఉండాల్సింది వేరే ఉంది. జీతం మీద పెట్టుకున్న ఉద్యోగి రాసిన కోడ్ మీద హక్కు మామూలుగా యజమానిది. మీ ఫ్రెండు ఉద్యోగి కాదు కాబట్టి, మీరు డబ్బులిచ్చేసినా 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కోడ్ వాడిదే, రాతపూర్వకంగా బదిలీ చేసి సంతకం పెడితేనే మీది. ఆ రాతలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లకే అనీ, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అనీ చట్టం అనుకుంటుంది. ఈ రెండు మాటలూ రాయించండి, ఓనర్ గారికి మీరిచ్చే కాగితంలోనూ అలాగే రాయండి.

తేదీ మాత్రం ఫ్రెండుని అడగకుండా చెప్పకండి. వెబ్‌సైటంటే ఈ రాత్రి ఎక్కించి రేపు చూపించొచ్చు, యాప్ అలా కాదు. ప్లే స్టోర్‌లో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిస్తే 12 మందితో వరసగా 14 రోజులు పరీక్ష చేయించాకే అందరికీ విడుదల చేయడానికి అర్జీ పెట్టుకోనిస్తారు, సంస్థ ఖాతాకైతే డన్స్ నంబరు (సంస్థను గుర్తించే నంబరు) కావాలి. ఖాతా ఓనర్ గారి సంస్థ పేరునే తెరిపించండి, ఫీజు ఒకసారి కట్టే 25 డాలర్లే. ఎస్సెమ్మెస్‌లకు ఆ సంస్థ పేరు, పంపేవారి పేరు, మెసేజీ నమూనా అన్నీ డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థలో) రిజిస్టర్ కావాలి, ఆ కాగితాలు ఆయన ఆఫీసు నుంచి రావాలి కాబట్టి మొదటి రోజే అడగండి. ఫిబ్రవరి, మార్చిలో సరుకు దిగే వేళకి యాప్ నడవాలంటే ఇవి డిసెంబరుకే అయిపోవాలి. ఇంకొకటి, పరీక్షల కోసం ఫ్రెండుకి రైతుల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు ఇవ్వొద్దు, ఉత్తుత్తి పేర్లు, నంబర్లతో డేటా తయారుచేసివ్వండి.

ఇక డబ్బు. ఓనర్ గారితో మాట్లాడటం, పరీక్షించడం, ఏడాదిపాటు వచ్చే ఫోన్లు మోయడం మీరైతే, ఫ్రెండుకిచ్చే భాగం మీద పాతిక శాతం దాకా వేసుకోవడం న్యాయమే, మీ సర్వర్ పనికి కూలి వేరే. ఇవేవీ చేయకుండా మధ్యలో కూర్చుని తినడానికైతే నా ఓటు లేదు. రెండున్నర లక్షల్లో వాడికి ఎంతిచ్చినా, బిల్లు మీదైతే మొత్తం మీ టర్నోవర్‌లోకే వస్తుంది, టీడీఎస్ కోసినా మొత్తం మీదే కోస్తారు. ఏడాదికి 20 లక్షలు దాటకపోతే సర్వీసులకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ, ఫ్రెండుకి జీఎస్టీ ఉండి మీకు లేకపోతే వాడు వేసే 18 శాతం మీకు వెనక్కి రాదు, ఖర్చు కిందే పోతుంది. రేటు చెప్పేముందే ఇది లెక్కేసుకోండి. వాడి దగ్గర ఇన్వాయిస్ తీసుకుని బ్యాంకు ద్వారానే ఇస్తే మీ ఆడిటర్ గారికీ తలనొప్పి ఉండదు.

ప్రశ్న: నేను పై ఉత్తరంలో ఫ్రెండు లాంటివాణ్ణి. ఒక డెవలపర్ కింద యాప్ చేసిచ్చాను. "క్లయింట్ ఇవ్వలేదు, ఇచ్చాక ఇస్తా" అంటున్నాడు. రెండు నెలలైంది.
- ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: క్లయింట్ ఇచ్చాకే ఇస్తానని ముందే ఒప్పందంలో ఉందా? లేకపోతే వాళ్లిద్దరి లెక్కతో మీకు పని లేదు. మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే నమోదు) ఉంటే, చిన్న వ్యాపారాల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాసుకున్న గడువు ఏదైనా 45 రోజులు దాటకూడదు, ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ మాట మర్యాదగా ఒక మెయిల్‌లో రాసి, ఇన్వాయిస్ జతచేసి పంపండి. ఉద్యం లేకపోతే అది ఉచితమే, ఇవాళే చేసుకోండి. పాత బాకీకి పనికొస్తుందో లేదో లాయర్ని అడగాలి గానీ తరవాతి పనికి ఉంటుంది. ఆ తరవాతి పనికి మూడో వంతు అడ్వాన్సు చేతిలో పడ్డాకే ల్యాప్‌టాప్ తెరవండి.