ఇన్‌ఛార్జి ఉద్యోగం వచ్చిందని బెంగపడుతున్న మా అమ్మలుకు

కాశీబుగ్గ

అమ్మలూ,

మీ అమ్మ ఫోనులో సంగతంతా చెప్పింది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌ఛార్జిగా చేరమని కబురొస్తే, సంతోషించాల్సింది పోయి అన్నం కూడా సరిగా తినడం లేదట. ప్రకటనలో ఐదేళ్ల అనుభవం అడిగారు, నీకున్నది రెండేళ్లు, అదీ పైడిభీమవరంలో మందుల కంపెనీ ల్యాబులో. జీడిపిక్క మొహం ఎరగని నన్ను పొరపాటున పిలిచారేమో అని నీ గోల.

పొరపాటున ఎవరూ జీతం ఇవ్వరమ్మా. నీ బయోడేటాలో రెండేళ్లనే ఉంది కదా? అది చూసే పిలిచారు, కూర్చోబెట్టి మాట్లాడే తీసుకున్నారు. నీకు ఏమి రాదో వాళ్లకు తెలుసు. ఏమి వచ్చో నీకే తెలిసినట్టు లేదు.

గ్రేడింగు హాలులో ఏళ్ల తరబడి సూపర్‌వైజరుగా చేసినదాన్ని కనుక చెబుతున్నాను. పలాసలో పప్పు చూడగలిగేవాళ్లకు కరవు లేదు, రాసేవాళ్లకే కరవు. ఏ బస్తా ఎప్పుడు ఉడికింది, ఏ ట్రే ఎంతసేపు ఆరింది, డబ్బాలోకి వెళ్లేటప్పుడు తేమ ఎంత ఉంది అని అడిగితే అందరూ నోటితో చెప్పేవాళ్లే. తేమ 5 శాతం దాటిందా, పప్పు మెత్తబడుతుంది, బూజు పడుతుంది, కొన్నవాడు సరుకు తిప్పి పంపుతాడు. అప్పుడు పుస్తకం తెరిస్తే సగం పేజీలు ఖాళీ, మిగతా సగం దిద్దుళ్లు. నీకేమో, అంకె తప్పు పడితే చెరపకుండా ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ వేయడం అలవాటైపోయింది. నీకది చెప్పుకోదగ్గ విద్యలా కనిపించదు. అక్కడ దానికే నిన్ను పిలుస్తున్నారు.

ఇక నీకు రానిది గ్రేడింగు. 320 రకం అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగాలి. 240 అంటే 220 నుంచి 240. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. ఇంతవరకూ త్రాసు ముందు కూర్చుని లెక్కపెడితే వచ్చేస్తుంది. రంగు మాత్రం అలా రాదు. వేడి ఎక్కువై కమిలిన పప్పు ట్యూబులైటు కింద ఒకలా, కిటికీ వెలుగులో ఒకలా కనిపిస్తుంది. బల్ల దగ్గర కూర్చునే ఆడవాళ్లు మాట్లాడుకుంటూనే దాన్ని వేలితో పక్కకు నెట్టేస్తారు. మొదట్లో నీ గదిలో కూర్చోకు. వాళ్ల పక్కన పీట వేసుకుని, “దీన్ని ఎందుకు తీసేశావమ్మా?” అని అడుగు. అడిగితే చులకనైపోతామని కొందరి భయం. మా హాలులో చులకనైనవాళ్లంతా తెలియకపోయినా తల ఊపినవాళ్లే.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరం సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాయించింది విని అప్పటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు వయొలిన్ ఆచార్యుడిగానే తీసుకున్నారని మన వైపు చెప్పుకుంటారు. అది 1919. నాయుడు గారికి పాతికేళ్లు దాటాయి, అంతే. 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. నేనూ అంతటిదాన్నే అని పొంగిపోయేవు సుమా! ఎదుటివాళ్లు నిన్ను పరీక్షించి సరే అన్నాక, మళ్లీ నీకు నువ్వే ప్రశ్నపత్రం తయారుచేసుకుని ఫెయిల్ కావద్దంటున్నాను, అంతే.

అయితే ఒప్పుకునే ముందు ఒకటి గట్టిగా అడగాలి. ఇంతకుముందు ఈ పనిలో ఎవరున్నారు, ఎందుకు మానేశారు? నేను బాగాలేదన్న సరుకును ఆపే అధికారం నాకు ఉంటుందా, లేక మేనేజరు పంపేయమంటే సంతకం పెట్టాలా? దీనికి వాళ్లు నీళ్లు నమిలితే ఆ ఉద్యోగం వద్దు. అనుభవం లేని పిల్ల అయితే ఎక్కడంటే అక్కడ సంతకం పెడుతుందని పిలిచారన్నమాట. నువ్వు భయపడాల్సింది అలాంటి చోటుకే, నీ రెండేళ్ల అనుభవానికి కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించు, వాళ్ల దగ్గర వదిలి రాకు. ఇన్నేళ్లు మానకూడదని బాండు రాయమంటే, నాకు చెప్పకుండా సంతకం చేయకు. జీతం, ప్రొబేషన్ ఎన్నాళ్లన్నది కాగితం మీదకు వచ్చాకే పైడిభీమవరంలో రాజీనామా ఇవ్వు.

జవాబులో ఎక్కువ రాయకు. “రికార్డులు, నమూనాల పరీక్ష నేను చూసుకోగలను. గ్రేడింగు తెలియదు. మొదటి రెండు నెలలు రోజూ కొంతసేపు హాలులో కూర్చుని నేర్చుకోనివ్వండి” అని రాస్తే చాలు. క్షమాపణలు, “నాకు అంత అర్హత లేకపోయినా” లాంటి మాటలు ఒక్కటి కూడా ఉండకూడదు. పంపే ముందు నాకు ఫోనులో చదివి వినిపించు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చెయ్యి, ఖాళీగా ఉంటాను.

మీ పెద్దమ్మ