పాటకి మూడు రాత్రులు ఇవ్వు, అమ్మీ

తిరుపతి, కొర్లగుంట

అమ్మీ,

పెదనాయన ఆశీస్సులు. హాస్టల్లో పిల్లలు పంపే ఇండీ ఫోక్ రాక్ పాటలు (పెద్ద కంపెనీల అండ లేకుండా, జానపదాన్నీ రాక్ సంగీతాన్నీ కలిపి కట్టుకునేవి) అన్నీ ఒకే మాదిరి ఉండాయనీ, గిటారూ గొణుగుడూ తప్ప ట్యూనే దొరకడం లేదనీ ఫోన్లో అన్నావు కదా. గాంధీ రోడ్డులో ఇరవై రెండేళ్ళు క్యాసెట్లూ సీడీలూ అమ్మినవాణ్ణి, ఆ మాట విని ఊరుకోలేకపోయినాను.

ట్యూన్ దొరకనిది నీ తప్పు కాదు. మన చెవికి సినిమా పాట అలవాటు. పల్లవి, నడుమ వయొలిన్లు, చరణం, మళ్ళీ పల్లవి. ఈ పాటల్లో చాలావాటికి ఆ మలుపులు ఉండవు. చిన్న వరస ఒకటే, ఐదారు చరణాలు దాని మీదే నడుస్తాయి. మారేది మాట, ఆ మాట చుట్టూ వచ్చి చేరే వాయిద్యం. చెక్కభజన చూసినావు కదా, వరస అదే ఉంటుంది, అడుగు మారి వేగం పెరిగేసరికి ఒళ్ళు జలదరిస్తుంది. ఆ చెవితో విను.

ఒక పాటకి మూడు రాత్రులు ఇవ్వు. మొదటి రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఊరికే విను, బాగుందా లేదా అని తేల్చొద్దు. రెండో రాత్రి సాహిత్యం ఎదురుగా పెట్టుకో. ఈ పాటల్లో సగం ప్రాణం మాటల్లోనే ఉంటుంది, గొణుగుడు అనిపించింది చాలాసార్లు చెవిలో చెప్పే కబురు. మూడో రాత్రి గొంతుని వదిలేసి ఒక్క వాయిద్యాన్నే పట్టుకో. గిటారుని గీస్తున్నారా, తీగ తీగనీ వేళ్ళతో మీటుతున్నారా? డ్రమ్స్ ఏ చరణంలో దిగినాయి? అంతవరకు ఎందుకు ఆపి పెట్టినారు?

బాన్ ఐవర్ అనే అమెరికా బ్యాండు మొదటి ఆల్బమ్ దీనికి మంచి పాఠం. 2006-07 చలికాలంలో అమెరికాలోని విస్కాన్సిన్ అడవిలో, ఆ బ్యాండు గాయకుడు జస్టిన్ వెర్నన్ వాళ్ళ నాయన వేట గుడిసెలో ఒక్కడే కూర్చుని చాలామటుకు రికార్డు చేసుకున్నాడు. తన గొంతునే ఒకదానిమీద ఒకటి పేర్చినాడు. ఎన్ని గొంతులు వినపడతా ఉండాయో లెక్కపెట్టు.

ముప్పై సెకన్లకే పాట మార్చే అలవాటు మానుకో. స్పాటిఫై అనే పాటల యాప్‌లో ముప్పై సెకన్లు దాటితేనే ఒక వినికిడిగా లెక్క. అందుకే పాటలు కట్టేవాళ్ళు చాలామంది ఉన్న సరుకంతా మొదట్లోనే కుమ్మరిస్తారు. నిదానంగా మొదలయ్యే పాట అక్కడే నష్టపోతుంది.

నేనూ ఆ తప్పు చేసినాను. బెంగళూరు ఫోక్ రాక్ గాయకుడు రఘు దీక్షిత్ మొదటి సీడీ 2008లో వచ్చింది. అంగట్లో బేరాల నడుమ రెండు పాటలు సగం సగం విని పక్కన పడేసినాను. ఆర్నెల్లకి బెంగళూరు నుంచి రాత్రి బస్సులో వస్తా పూర్తిగా విన్నాను. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేటప్పుడు కన్నడ తత్త్వకవి శిశునాళ షరీఫ్ పదం వచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు తత్త్వం, కింద ఎలక్ట్రిక్ గిటారు, బేస్ గిటారు. చిత్తూరు వచ్చేలోపల అదే పాట నాలుగుసార్లు విన్నాను. పాత మాటకి కొత్త వరస మనకేం వింత? తిరుమల రాగిరేకుల మీద అన్నమయ్య సాహిత్యమూ రాగం పేరూ ఉండాయి గానీ స్వరాలు లేవు. ఈరోజు మనం పాడుకునే వరసల్లో చాలావరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటి సంగీత పెద్దలు కట్టినవే. 1965లో అమెరికాలో, న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో, జానపద గాయకుడిగా పేరున్న బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుంటే జనంలో కొందరు గిట్టక కేకలేసినారు. ఆ గిటారు ఇప్పుడు ఎవరికీ తప్పుగా తోచదు.

వచ్చిందల్లా మంచిదని నేననను. గొంతు కావాలని వణికించి, బాంజో అనే తీగవాయిద్యం ఒకటి తగిలించి, చివర్లో అందరూ కలిసి ఓహో అని అరిస్తే అది ఫోక్ అయిపోదు. మాటలు కాగితం మీద చదివితే ఒక మనిషీ, ఒక ఊరూ కనపడాల. కనపడకపోతే వదిలెయ్.

నచ్చితే మాత్రం కొను. వీళ్ళ వెనక పెద్ద కంపెనీలు ఉండవు. బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్‌లో కొంటే డబ్బులో జాస్తి భాగం పాడినవాళ్ళకే పోతుంది. నెలకి ఒక్క ఆల్బమ్ చాలు, మొదటి పాట నుంచి చివరిదాకా వాళ్ళు పేర్చిన క్రమంలోనే విను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీకు అస్సలు నచ్చని పాటలు మూడు ఎంచి తీసుకురా. మిద్దె మీద పాత స్పీకర్లు బాగు చేయించి పెడతాను, మీ పెద్దమ్మ పడుకున్నాక విందాం.

మీ పెదనాయన